మనవాళ్ళమ్మాయికి జీతమా?

గెడ్డపేట,
మార్చి 28, 1989.

వాసవీ,

క్షేమమా అని అడగడం లేదు. పరీక్షలైన మర్నాడే ఖల్లికోట రైలెక్కి కూర్చున్నదానివి క్షేమంగానే ఉంటావు. నా సంగతి రాస్తున్నాను, ఒకచోట కుదురుగా కూర్చుని చదువు.

ఈ ఏడు మా జీడితోటలో పూత మాడిపోయింది. మూడో ఏడు హాస్టలు ఖర్చు నా వల్ల కాదన్నాడు నాన్న. కోప్పడితే ఎదురు చెప్పేదాన్నే. ఆయన శాంతంగా చెప్పాడు, అదే వచ్చిన చిక్కు. "సదువుకోవద్దని నాననను అమ్మడూ. సెలవుల్లో ఏదైనా పని సూసుకుని హాస్టలుకి కట్టుకోగలిగితే ఎల్లు. నేదంటే మాతో పాటు తోటలో గింజలేరుకో" అన్నాడు.

గింజలేరడం నాకు నామోషీ కాదు. చిన్నప్పట్నుంచీ ఏరినవే. కానీ ఒకసారి తోటలోకి దిగితే మళ్ళీ కాలేజీ గేటు చూడనని నాకు తెలుసు. మా ఊళ్ళో బి.ఏ. దాకా వచ్చిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. నేను ఆగిపోతే, ఈ చదువులు ఎక్కడికి పోతాయో మేము ముందే చెప్పామని అనడానికి ఊరంతా సిద్ధంగా ఉంది.

బరంపురంలో ఠాకురాణి అమ్మవారి జాతర, ఆ యాత్ర నెలలో పెద్దిళ్ళకి చుట్టాలు దిగుతారనీ, పిల్లల్ని చూసుకోవడానికి చదువుకున్న అమ్మాయిల్ని పెట్టుకుంటున్నారనీ విన్నాను. నలుగురు తమ్ముళ్ళని చంకనేసుకుని పెంచినదాన్ని, ఆ పని నాకు కొత్త కాదు. మీకు ఊరంతా చుట్టాలే కదా. ఎవరినైనా అడిగి చూడు.

నీ
నీలమ్మ

ఖల్లికోట,
ఏప్రిల్ 3.

నీలూ,

నీ ఉత్తరం చదివి ఏడ్చేశాను. కావాలంటే మా అమ్మని అడుగు. ఆ కళ్ళు తుడుచుకుంటూనే బరంపురంలో మా సత్యవతి పిన్నికి ఉత్తరం రాసి పడేశాను. ఇక నీ పని అయిపోయినట్టే అనుకో.

పిన్ని అంటే మా అమ్మ సొంత చెల్లెలు. ధర్మలింగం బాబాయిది చింతపండు, పసుపు టోకు వ్యాపారం. హల్దియాపదర్‌లో కొత్త మేడ కట్టారు. మేడ కట్టాక వచ్చిన మొదటి యాత్ర కాబట్టి ఎక్కడెక్కడి చుట్టాలనీ పిలిచింది పిన్ని. యాత్ర చూపించడానికని చెప్తుంది గానీ, మొజాయిక్ గచ్చు చూపించడానికని మా అమ్మ అంటుంది. పిల్లలు ఇద్దరే. శ్యామసుందర్‌కి ఏడేళ్ళు, కన్యకకి నాలుగు. అల్లరంటే ఏమిటో తెలియని పిల్లలు. కూర్చోబెట్టిన చోట కూర్చుంటారు.

జీతం మాట నువ్వు ఎత్తకు. పెద్దింటివాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తితే చిన్నబుచ్చుకుంటారు. అదంతా నేను చూసుకుంటాను. నువ్వు నాకు థాంక్సు చెప్పనక్కర్లేదు. ఒకరికొకరం సాయపడకపోతే మనం బి.ఏ. చదివి ఏం లాభం?

నీ
వాసవీకుమారి

హల్దియాపదర్, బరంపురం,
ఏప్రిల్ 12.

వాసవీ,

అల్లరంటే తెలియని మీ శ్యామసుందర్ మొదటిరోజే నా మణికట్టు కొరికాడు. కూర్చోబెట్టిన చోట కూర్చునే కన్యక పసుపు బస్తాల వెనక దూరి పూటంతా కనిపించలేదు. దొరికేసరికి అమ్మవారిలా ఉంది. వాళ్ళని నేను దారికి తెచ్చుకుంటాను, నాకు ఆ భయం లేదు. నాకు అర్థం కాని సంగతి వేరే ఉంది.

నేను గుమ్మంలోకి అడుగు పెట్టగానే మీ పిన్ని బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళింది. "మనవాళ్ళమ్మాయని వాసవి రాసింది, ఇంకేటి కావాలమ్మా మాకు. మా అత్తగారికి మడి సాదస్తం. బైటోళ్ళని వంటింటి గడప తొక్కనివ్వదు" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

వాసవీ, నేను మీవాళ్ళమ్మాయిని ఎప్పుడయ్యాను? మాది రైతు కుటుంబమని, మా ఇంట్లో చేపల కూర వండుతారని నీకు తెలియదా? మీ పిన్ని అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గోత్రం అడిగింది. అదృష్టం కొద్దీ అప్పుడే కన్యక గచ్చు మీద జారిపడి ఏడుపు లంకించుకుంది. దాన్ని ఎత్తుకుని బయటపడ్డాను. ప్రతిసారీ ఆ పిల్ల పడదు కదా.

ఇంకో మాట. ఈ సెలవుల్లో పిల్లల్ని చూడడానికి నువ్వే రావలసిందట. నీకు రోజూ టైపు క్లాసులున్నాయని రాయలేక రాశావట. పాపం వాసవి, ఎంత కష్టపడుతోందో అని మీ పిన్ని నాతో చెప్పి నిట్టూర్చింది. నేనూ నిట్టూర్చాను.

నీలమ్మ

ఖల్లికోట,
ఏప్రిల్ 17.

నీలూ,

కోపమొచ్చిందా? నీకు కోపమొస్తే దస్తూరీ బాగుంటుంది.

మనవాళ్ళమ్మాయని చెప్పకపోతే పిన్ని ఇంటి గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. నీకు పని కావాలా, నిజం కావాలా? రెండూ ఒకేసారి అడిగితే నేనెక్కడ తెచ్చేది? అయినా మనం రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, ఒకే దువ్వెన వాడుకున్నాం. నా మనసులో నువ్వు మావాళ్ళమ్మాయివే. నేను అబద్ధమేమీ ఆడలేదు.

గోత్రం మళ్ళీ అడిగితే ఏదో ఒకటి చెప్పు గానీ, మా బాబాయిది మాత్రం చెప్పకు. అది చెప్తే ఆ ముసలమ్మ లెక్కలు కట్టి నిన్ను ఆయనకి అక్కనో అత్తనో చేసేస్తుంది. నీ ఉత్తరాలకి నువ్వేం భయపడకు. పిన్ని ఒడియా బడిలో చదివింది. తెలుగు ఎంతసేపైనా మాట్లాడుతుంది గానీ ఒక్క ముక్క చదవలేదు.

టైపు సంగతి కూడా అబద్ధం కాదు. నేర్చుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి ఎండ తగ్గడం లేదు, అదొక్కటే ఇబ్బంది.

వాసవి

హల్దియాపదర్,
ఏప్రిల్ 26.

వాసవీ,

ఈ ఉత్తరం నవ్వులాటకి రాయడం లేదు.

చుట్టాలు దిగారు. ఇప్పుడు నా చేతికింద ఇద్దరు పిల్లలు కారు, తొమ్మండుగురు. ఎవరి పిల్లలు ఎవరో వాళ్ళ తల్లులే మర్చిపోయారు, ఏడిస్తే అందరూ నావైపే చూస్తున్నారు. అదయ్యాక వడియాలు పెట్టడం, ముసలమ్మకి కాళ్ళు పట్టడం, వచ్చినవాళ్ళని మేడంతా తిప్పి గచ్చు చూపించడం. మనవాళ్ళమ్మాయిని కదా, ఏ పని చెప్పినా తప్పు లేదు.

ఒకటో తారీకు దగ్గరపడుతోందని, నువ్వు వద్దన్నా సరే, జీతం మాట నేనే ఎత్తాను. మీ పిన్ని నిజంగా నొచ్చుకుంది. నటన కాదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మనవాళ్ళమ్మాయికి జీతమేటమ్మా? సుట్టాలు ఇంటే నవ్విపోరా? నిన్ను పనిమనిషిలా సూస్తన్నామా మేము?" అంది. తర్వాత నా తల నిమిరి ఇంకో లడ్డూ పెట్టింది.

ఇక్కడ అంట్లు తోమే జగ్గమ్మకి ఒకటో తారీకున జీతం వస్తుంది. నేను జగ్గమ్మకంటే గొప్పదాన్ని కాబట్టి నాకు రాదు. బయటిదాన్నయితే గడప తొక్కనివ్వరు, లోపలిదాన్నయితే పైసా ఇవ్వరు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ, కనిపెట్టినవాళ్ళకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఇది చాలదన్నట్టు పార్వతీపురం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మగారు తన కొడుక్కి నన్ను అడుగుతోంది. అతనికి సోడా కంపెనీ ఉందట. నా గోత్రం నాకంటే ముందు మీ పిన్నే చెప్పేసింది. నాకు నచ్చిందా అని కూడా ఎవరూ అడగలేదు.

పిల్లలు మాత్రం నావాళ్ళయిపోయారు, అది చెప్పకపోతే తప్పవుతుంది. కన్యక నా చిటికెనవేలు పట్టుకుంటే గానీ పడుకోదు. శ్యామసుందర్ కొరకడం మానేసి నేను చెప్పే కథలకి ఊఁ కొడుతున్నాడు. వాళ్ళని వదిలి వెళ్ళాలంటే నాకే ఏడుపొస్తుంది. కానీ కాలేజీ తెరిచేనాటికి చేతిలో డబ్బు లేకపోతే నాన్న నన్ను తోటకి తీసుకుపోతాడు. దయచేసి మీ పిన్నికి ఉన్న సంగతి రాయి. నువ్వు ఆడిన మాట నువ్వే దిద్దాలి.

నీలమ్మ

ఖల్లికోట,
మే 2.

నీలూ,

ఇక్కడ చిలక సరస్సు మీంచి గాలి ఎంత చల్లగా వస్తోందో చెప్పలేను. మొన్న అమ్మా నేనూ స్టూడియోకి వెళ్ళి ఫొటో తీయించుకున్నాం. నేను కొత్త బరంపురం పట్టుచీర కట్టుకున్నాను, మెరూన్ రంగు, గుడి అంచు. ఫొటో చూసినవాళ్ళు నన్ను గుర్తుపట్టలేదంటే చూసుకో.

ఇక నీ సంగతి. ఇప్పుడు పిన్నికి అసలు మాట రాస్తే ఆవిడ బాధపడుతుంది. ఆవిడది మరీ మెత్తని మనసు. నువ్వు కాస్త ఓపిక పడితే యాత్ర అయ్యాక ఆవిడే ఏదో ఒకటి చేస్తుంది. నలుగురి ముందూ డబ్బు డబ్బు అనడం బాగుండదు నీలూ. ఆత్మీయతకి వెల కడతామా?

ఇక్కడి మహిళా సంఘంలో నీ గురించి చెప్పాను. ఒక పేదింటి విద్యార్థినికి నేను పని ఇప్పించానని అందరూ మెచ్చుకుని, నన్ను కార్యదర్శిని చేశారు. నీ పేరు చెప్పలేదులే, నీ మర్యాద నాకు తెలుసు.

వాసవి

హల్దియాపదర్,
మే 9.

వాసవీకుమారి గారికి,

మీరు కార్యదర్శి అయ్యారు కాబట్టి గారు అన్నాను. ఇక్కడ జరిగింది మీ సంఘంలో చదివి వినిపించుకోవచ్చు.

రెండేళ్ళ కిందట శ్యామసుందర్‌కి కామెర్లు వచ్చినప్పుడు, తగ్గితే యాత్రలో పులి వేషం కట్టిస్తానని మీ పిన్ని ఠాకురాణికి మొక్కుకుందట. నిన్న ఆ మొక్కు తీర్చారు. పొద్దున్నే పెరట్లో వాడి ఒళ్ళంతా పసుపు రంగు పూసి, నల్లచారలు దిద్ది, దూదితో కుట్టిన తోక కట్టారు. అది చూసి, ఏ మొక్కూ లేని కన్యక తనకీ మీసాలు కావాలని నేల మీద పడి దొర్లింది. దానికీ నాలుగు చారలు దిద్ది చంకనెత్తుకున్నాను. ముందు వరండాలో చుట్టాలంతా పట్టుబట్టలు కట్టుకుని కూర్చున్నారు. వీధిలో డప్పులు మొదలయ్యాయి.

అప్పుడు పెరటి గేటు తోసుకుని, నెత్తిన చింతపండు బుట్టతో మా నాన్న వచ్చాడు.

మా నాన్న ఏటా చింతపండు వేసేది మీ బాబాయి కొట్టుకేనని నాకు నిన్నటిదాకా తెలియదు. నేను బరంపురంలో ఎవరో షావుకారింట్లో పిల్లల్ని చూస్తున్నానని ఆయనకి తెలుసు గానీ, ఏ ఇల్లో నేనూ సరిగా చెప్పలేదు. కొట్టు మూసి ఉంటే గుమాస్తా ఇంటికి వెళ్ళమన్నాడట. సరుకు తెచ్చినవాళ్ళు పెరటి దారినే రావాలి కాబట్టి అలాగే వచ్చాడు. నన్ను చూసి బుట్ట దించి, ముఖమంతా నవ్వుతో, "ఏటే అమ్మడూ, నువ్వు సేసేది మన సావుకారింట్లోనా? నాకు సెప్పనేదేటి?" అన్నాడు.

మీ పిన్ని చేతిలో రంగు కుంచె అలాగే ఉండిపోయింది. "పైడయ్యా, ఈ పిల్ల నీకేటవుతాది?" అంది.

"నా కూతురే తల్లీ. పెద్దది."

మీ పిన్ని అరవలేదు. మా ఇద్దర్నీ సామాన్ల గదిలోకి నెట్టి తలుపు దగ్గరగా వేసింది. కన్యక నా చంకలోనే ఉంది. నెల రోజులుగా నేను వాళ్ళ వంటింట్లో తిరిగాను, దేవుడి గదిలో దీపం వెలిగించాను, ముసలమ్మకి నా చేత్తో ప్రసాదం పెట్టాను. ఇదంతా మీ పిన్ని ముఖం మీద వరసగా కనిపించింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ భయపడింది నా గురించి కాదు, ముందు వరండా గురించి. "ఈ మాట ఈ గది దాటకూడదు. యాత్ర అయ్యేదాకా నువ్వు మనవాళ్ళమ్మాయివే" అంది, నన్ను బతిమాలుతున్నట్టు.

నాన్నకి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన నన్ను అడిగింది ఒకటే, జీతం ముట్టిందా అని. లేదన్నాను. "మరైతే బట్టలు సర్దుకో. తోటలో పనుంది" అన్నాడు. అంతే వాసవీ. నా చదువు ఆ పసుపు బస్తాల మధ్య అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మీ పిన్ని తొందర తొందరగా, ఏమీ ఇవ్వకపోవడమేటి, నీకిమ్మని పట్టుచీర కొని ఖల్లికోట పంపించాను కదా అంది. మనవాళ్ళ పిల్లకి బట్టలు పెట్టాలంటే తీసుకొచ్చినవాళ్ళ చేతిమీదుగా పెట్టడం మర్యాదట. నువ్వు నాకు పంపానని, నేను చాలా సంతోషించానని నువ్వే రాశావట. మెరూన్ రంగు, గుడి అంచు.

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కానీ అరవలేదు, చంకలో పిల్ల ఉంది. "నాకు చీర వద్దమ్మా. నేను మీవాళ్ళమ్మాయిని కాను, గెడ్డపేట పైడయ్య కూతుర్ని. మీ పిల్లల్ని చూశాను, మీ చుట్టాల పిల్లల్ని చూశాను. నా జీతం ఇవ్వండి. ఇవ్వనంటే ఇప్పుడే మా నాన్నతో కలిసి ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోతాను" అన్నాను.

ముందు గుమ్మం అనగానే ఆవిడ కొంగు ముడి విప్పింది.

మిగతాది యాత్ర చివర ఇస్తానని నాన్న ముందే ఒప్పుకుంది. తర్వాత చీర సర్దుకుని బయటికెళ్ళి, చింతపండు పైడయ్య వచ్చాడని అందరికీ చెప్పింది. నాన్నకి పెరట్లో మెట్టు మీద కాఫీ ఇచ్చారు. అదే సమయానికి ముందు వరండాలో, పెరడు కనిపించే మూలన, నాకు వెండి గ్లాసులో ఇచ్చారు. నాన్న తాగి, తన గ్లాసు తనే తోమి, గోడ మీద బోర్లించి, నాకు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నేను ఆ వెండి గ్లాసులో కాఫీ తాగలేకపోయాను. ఈ నెల రోజుల్లో నేను నిజంగా సిగ్గుపడింది అప్పుడే.

నీలమ్మ

ఖల్లికోట,
మే 15.

నీలమ్మకి,

నువ్వు ఇంత చేస్తావనుకోలేదు. పిన్ని నాకు ఒడియాలో రాసిన ఉత్తరం మళ్ళీ చదివే ధైర్యం కూడా లేదు. నా పరువు మొత్తం పోయింది.

చీర నీకు ఇవ్వకూడదని కాదు. యాత్ర ఆఖరి రోజు నేనే వచ్చి ఇద్దామనుకున్నాను. ఈలోగా మడతలు పడిపోతే పాడవుతుందని ఒకసారి కట్టాను. ఇంత చిన్న సంగతిని నువ్వు పెద్దది చేసి రాయడం నాకు నచ్చలేదు. నీకు పని ఇప్పించింది నేను కాదా?

నిన్ను యాత్ర అవగానే పంపించేస్తారట. స్కూళ్ళు తెరిచేదాకా పిల్లల్ని చూడడానికి నన్ను రమ్మంది పిన్ని. రమ్మంది అనడం కాదు, టిక్కెట్టు కొని మనిషిని పంపింది.

వాసవీకుమారి

హల్దియాపదర్,
జూన్ 4.

నీలూ,

ఈ ఉత్తరం రాస్తుండగానే కన్యక సిరా బుడ్డి ఒలకబోసింది. పై మరక అదే.

శ్యామసుందర్ నన్ను మూడు చోట్ల కొరికాడు. నువ్వు చెప్పిన రాక్షసుడి కథ చెప్పమంటాడు, నేను చెప్తే అది కాదంటాడు. కన్యక పడుకోవడం లేదు. నా వేలు ఇచ్చాను, వాసన చూసి వదిలేసింది. ఏం చేస్తే పడుకుంటుందో రాయి. పగలంతా వడియాలు, సాయంత్రం ముసలమ్మ కాళ్ళు. మేడంతా తుడిపించి గచ్చు మీద అడుగులు పడకుండా చూడమంటుంది పిన్ని. చుట్టాలంతా వెళ్ళిపోయారు కదా, ఎవరు చూస్తారని అడిగితే, సొంత కూతురిలా మాట్లాడవేటని ఏడ్చింది.

నాకు ఇక్కడ పడుకునే తీరిక లేదు నీలూ. రెండేళ్ళు నీతో ఒకే గదిలో ఉండి, ఈ పని నీకు తేలికని ఎలా అనుకున్నానో తెలియడం లేదు. నీ చీర అమ్మ చేత ఉతికించి ఇస్త్రీ చేయించాను. తీసుకుంటావా? హాస్టల్లో నాతో ఉంటావా, వేరే గది అడిగావా?

వాసవి

మహిళా హాస్టలు, బరంపురం,
జూన్ 19.

వాసవీ,

ఊళ్ళోనే ఉండి ఉత్తరమెందుకంటే, మీ పిన్నిగారింటికి ఏ గుమ్మంలోంచి రావాలో నాకింకా తేలలేదు. వార్డెనమ్మగారి అబ్బాయి అటు వెళ్తుంటే అతని చేతికిచ్చి పంపుతున్నాను.

హాస్టలుకి కట్టేశాను. నాన్నే దగ్గరుండి కట్టించాడు. రసీదు రెండుసార్లు తిప్పి చూసి, మా అమ్మడి సంపాదనే అని గుమాస్తాకి అక్కర్లేకపోయినా చెప్పాడు. మూడో ఏడు చదువుతున్నాను.

కన్యకకి వేలు ఇవ్వగానే సరిపోదు. వీపు మీద నెమ్మదిగా తడుతూ, దాని పేరుతో ఏదో ఒకటి పాడాలి. పాట నీకు రాకపోయినా ఫరవాలేదు, నాకూ రాదు. శ్యామసుందర్ కథలో రాక్షసుడు చచ్చిపోకూడదు, చివర అన్నం తిని ఇంటికి వెళ్ళిపోవాలి.

చీర నువ్వే కట్టుకో, నాకు కోపం లేదు. నువ్వు నన్ను మీవాళ్ళమ్మాయని చెప్పినందుకు కూడా ఇప్పుడు కోపం లేదు. నేను ఎవరినో ఉన్నది ఉన్నట్టు చెప్పి, అయినా ఈ పిల్లకి పని ఇవ్వు పిన్నీ అని నువ్వు ఒక్కసారి కూడా అడిగి చూడలేదు. అది మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. వేరే గది అడగలేదు. నీ మంచం కిటికీ పక్కనే ఉంది. నువ్వు వస్తే ఈ మాట ఎదురుగా కూర్చుని కూడా చెప్తాను, విని ఏడవకు.

దసరా సెలవులకి పని కోసం నిన్న ఆస్కా రోడ్డులో రెండిళ్ళకి వెళ్ళాను. ఈసారి గుమ్మంలో నిలబడే అన్నీ చెప్పేశాను. నా పేరు, మా ఊరు, మా నాన్న ఏం పండిస్తాడో, మేము ఏం తింటామో, నెలకి నాకు ఎంత కావాలో. మొదటి ఇంటావిడ ఎంతో మర్యాదగా విని, నా కోసం వేసిన చాప చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. రెండో ఇంట్లో పాలు పొంగుతున్న చప్పుడయింది. ఆవిడ నా మాట పూర్తిగా విన్నదో లేదో తెలియదు, చంకలో పిల్లాణ్ణి నా చేతిలో పెట్టి, పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. వాడు నా ముఖం కాసేపు చూసి భుజం మీద తల పెట్టుకున్నాడు.

నీ
నీలమ్మ